నవగ్రహాలు తిరిగొచ్చాం, తిరువయ్యారు దాటిపోయాం



వచ్చే నెల జనరల్ బాడీ మీటింగులో ఈ ఏటి టూరు గురించి తీర్మానం పెడతారని సెక్రటరీగారు గ్రూపులో రాశారు. మీటింగులో నాకు మైకు ఇస్తే ఐదు నిమిషాలకు మించి ఇవ్వరు. పైగా నా మాటలో తమిళం ఎక్కువ దొర్లుతుందని వెనక వరుసలో నవ్వేవాళ్ళు ఉన్నారు. అందుకని నేను చెప్పాలనుకున్నదంతా ఇక్కడే రాసేస్తున్నాను. పొడుగుగానే ఉంటుంది. కాఫీ పెట్టుకుని కూర్చోండి.

నేను చదివింది తమిళ మీడియంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు నేర్చుకున్నది రిటైరయిన తర్వాత, మన సంఘం మేడమీద ఆదివారం క్లాసులో, నా మనవరాలి పక్కన కూర్చుని. తప్పులు ఉంటే సర్దుకుని చదవండి.

పోయిన ఏడు మనం చేసిన నవగ్రహ యాత్ర గుర్తుంది కదా. రెండు రోజులు, తొమ్మిది గుళ్ళు, బస్సులో నలభై రెండు మంది. విళుప్పురంలో తెల్లవారుజామున మూడున్నరకి బయలుదేరాం. వెనకనే వంటవాళ్ళ వ్యాను. ఒక గుడిలో గంటన్నర క్యూలో నిలబడితే దర్శనం అర నిమిషం. ఇంకో గుడి దగ్గర చెప్పులు మరిచి వచ్చినవాళ్ళు ముగ్గురు. వంట వ్యాను దారి తప్పింది. మధ్యాహ్నం అన్నం మూడున్నరకి, ఒక పెట్రోలు బంకు వెనక నిలబడి తిన్నాం. చింతపండన్నం, పెరుగన్నం, ఊరగాయ, చిప్సు. మరునాడూ అవే. ఇంటికి వచ్చాక పక్కింటామె మా ఇంటామెను "కుంభకోణం ఎట్లుండాది అక్కా?" అని అడిగింది. "బస్సు కిటికీలోంచి చూసినా, బాగానే ఉండాది" అని మా ఇంటామె జవాబు.

ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు ఆ బస్సులో ఇద్దరే. అందులో ఒకడు క్లీనరు.

ఎవరినీ తప్పు పట్టడానికి రాయటం లేదు. ఆ టూరుకు చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ వచ్చిన తర్వాత ఒక రోజు ఊరికే కూర్చుని, ఫోనులో మ్యాపు పెట్టుకుని మనం పోయిన దారంతా చూశాను. రైల్వేలో పనిచేసినవాడికి రూటు చూడటం ఒక జబ్బు. చూస్తే నాకు గుండె కలుక్కుమంది. చంద్రుడికని తింగళూరు పోయాం. దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో తిరువయ్యారు, అక్కడ త్యాగరాజస్వామి సమాధి. ఆగలేదు. గురువుకని ఆలంగుడి పోయాం. అదే రోడ్డు నేరుగా మన్నార్‌గుడికి పోతుంది. అక్కడినుంచే వెనక్కి తిప్పాం. రాహువుకని తిరునాగేశ్వరం పోయాం. దాని పక్కనే ఉప్పిలియప్పన్ గుడి. లిస్టులో లేదని ఎక్కేశాం బస్సు. మనవాళ్ళు కట్టినవి, మన మాటలో పాడినవి, మన మాటలో రాసినవి ఉన్న చోట్లన్నిటినీ రాసుకుంటూ పోయి, ఒక్కదానిలోనూ కాలు పెట్టకుండా వచ్చాం. మనది తెలుగు సంఘం.

నా సంగతి చెప్పుకోవాలంటే ఇంకా సిగ్గు. ముప్పై ఏడేళ్ళు బుకింగ్ ఆఫీసులో కూర్చున్నాను. అట్ట టికెట్ల కాలంలో డేటు ప్రెస్సులో టికెట్టు కొట్టి ఇచ్చిన చెయ్యి ఇది. ప్రతి ఏడూ తై నెలలో గుడ్డ కప్పిన తంబురాలు పట్టుకుని జనం కౌంటరుకు వచ్చేవాళ్ళు, తంజావూరుకి టికెట్టు అడిగేవాళ్ళు. టికెట్టు కొట్టాను, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను. ఎక్కడికి పోతున్నారని అడగలేదు. రేడియోలో ఆ కీర్తనలు వస్తుంటే సంస్కృతం అనుకునేవాణ్ణి. బళ్ళో ఎవరూ చెప్పలేదు, ఇంట్లో చెప్పేవాళ్ళకు తెలియదు. అది మా అమ్మ మాట్లాడే భాషే అని తెలిసేసరికి నాకు నలభై దాటింది.

అందుకే ఈ తై నెలలో, పొంగల్ అయిన తర్వాత, నేను, మా ఇంటామె, మా బామ్మర్ది, పదకొండేళ్ళ మనవరాలు, నలుగురం కారు వేసుకుని నాలుగు రోజులు అదే దారిలో మళ్ళీ పోయి వచ్చాం. నాకు రైల్వే పాసు ఉంది, దుడ్లు ఖర్చు లేకుండా పోవచ్చు. కానీ తిరువయ్యారుకి రైలు లేదు. రైల్లో పోతే స్టేషను బోర్డు కనిపిస్తుంది, ఊరు కనిపించదు. ఇది ముప్పై ఏడేళ్ళ అనుభవం మీద చెప్తున్నాను. వంట సామాను ఏమీ తీసుకుపోలేదు. ఏ ఊరిలో ఆగితే ఆ ఊరి తిండే తినాలని ముందే ఒప్పందం. మా బామ్మర్దికి షుగరు. ఆయన కూడా ఒప్పుకున్నాడు, మాత్రల డబ్బా మాత్రం పట్టుకుని.

పన్రుట్టిలో ముంతమామిడి పప్పు కొన్నాం. పనసకాయల కాలం కాదు, ఎండాకాలం రావాలి. ఆ మాట గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ చెప్తాను. అక్కడినుంచి నెయ్వేలి దాటి వడలూరు.

వడలూరు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. వళ్ళలార్ రామలింగస్వామి 1867లో అక్కడ ధర్మశాల పెట్టారు. ఆ రోజు ముట్టించిన పొయ్యి ఇప్పటిదాకా ఆరలేదు. వచ్చినవాళ్ళకు అన్నం. నువ్వెవరు, ఏ కులం, ఏ ఊరు అన్న మాటే లేదు. గుళ్ళో దేవుణ్ణి చూడటానికి మనం క్యూలో నిలబడతాం. ఇక్కడ పొయ్యిని చూసి దణ్ణం పెట్టుకుంటారు. నేను వరుసలో కూర్చుని ఆకులో అన్నం, కొళంబు తిన్నాను. నా పక్కన ఒక మూట ఉన్న ముసలాయన, ఆ పక్కన కాలేజీ పిల్లలు. మా ఇంటామె ఆడవాళ్ళ వరుసలో కూర్చుని, లేచి వచ్చి ఒకే మాట అంది: "పోయిన ఏడు మనం దీని ముందరనే పోయినామే, వ్యానులో అన్నం పెట్టుకుని."

వడలూరుకి తెలుగుతో సంబంధం ఏముంది అని అడగకండి. సంబంధం లేదు. అన్నీ మనవే కానక్కర్లేదు. ఆ దారిలో పోతూ అక్కడ భోంచేయకపోవటం తప్పు, అంతే.

అణైకరైలో కొళ్ళిడం మీద పాత ఆనకట్ట దగ్గర కారు ఆపి దిగాం. గోదావరి జిల్లాలవాళ్ళు ఇప్పటికీ బొమ్మకు దండలు వేసే ఆర్థర్ కాటన్ దొర, ధవళేశ్వరం కంటే ముందు, 1836లో ఇక్కడ ఆనకట్ట కట్టించాడు. గోదావరికి ముందు ఆయన చేయి తిరిగింది మన ఊరి పక్క ఏటి మీదే. నీళ్ళు చూస్తూ టీ తాగి బయలుదేరాం.

కుంభకోణంలో మరునాడు ఆదివారం. పొద్దున ఒక చిన్న హోటల్లో ఇడ్లీతో పాటు ఏం వేసుకుంటారని అడిగి, సర్వరే చెప్పాడు: "కడప్పా ఉంది సార్." మా బామ్మర్ది కళ్ళు పెద్దవయ్యాయి. "మన కడప?" అన్నాడు. పెసరపప్పు, ఉర్లగడ్డ ఉడకేసి, కొబ్బరి, సోంపు నూరి పోసిన పలచటి కూర. ఇడ్లీ దానిలో ముంచుకుని తినాలి. సాంబారు కాదు, కుర్మా కాదు. అది కడప జిల్లానుంచే వచ్చిందని మా బామ్మర్ది ఆ రోజంతా వాదించాడు. ఆధారం ఏదీ చూపించలేదు. పేరు వినగానే సొంతం చేసుకునే గుణం మనలో చాలామందికి ఉంది, ఆయనొక్కణ్ణే అనటానికి లేదు. నేను ఇంకో ప్లేటు ఇడ్లీ చెప్పాను. తర్వాత డిగ్రీ కాఫీ, ఇత్తడి గ్లాసులో. దాని గురించి మీకందరికీ తెలుసు.

ఉప్పిలియప్పన్ గుడికి పోయినప్పుడు నేను మన బస్సును తలుచుకుని తల దించుకున్నాను. ఆ స్వామి నైవేద్యంలో ఉప్పు వెయ్యరు. కథ ఏమిటంటే, మార్కండేయ మహర్షికి భూదేవి బిడ్డగా దొరికింది. పెరుమాళ్ళు ముసలాయన వేషంలో వచ్చి పిల్లనిమ్మన్నాడు. ఋషి, నా బిడ్డ చిన్నపిల్ల, వంటలో ఉప్పు ఎంత వెయ్యాలో కూడా తెలియదు అన్నాడు. తెలియకపోతే ఏం, ఉప్పు లేకుండా వండినా తింటాను అన్నాడట స్వామి. ఆ మాట మీద ఈ రోజుకీ ఆ గుడిలో ఉప్పు లేని ప్రసాదమే. నోట్లో పెట్టుకుంటే మొదటి ముద్ద చప్పగా ఉంటుంది. రెండో ముద్దకి మిరియాలు, చింతపండు, నూనె, బియ్యం, ఒక్కొక్కటి విడిగా తెలుస్తాయి. నా మనవరాలు, "తాతా, నాకు కూడా ఉప్పు ఎంత వెయ్యాలో తెలీదు, పెరుమాళ్ళు ఒప్పుకుంటాడా?" అని అడిగింది. ఆ పిల్లకు ఆ గుడి ఇంక మరిచిపోదు. పోయిన ఏడు ఈ గుడికి కూతవేటు దూరంలో మన బస్సు నిలబడి ఉంది, లోపల మూడు జాడీల ఊరగాయ.

తిరుపతి పోవటం కష్టమైనవాళ్ళు అక్కడి మొక్కు ఇక్కడ తీర్చుకునే వాడుక కూడా ఉంది. ప్రతి టూరు తీర్మానంలోనూ తిరుపతి అని పట్టుబట్టే పెద్దవాళ్ళకు ఈ మాట.

కుంభకోణంలోనే రామస్వామి గుడి. రఘునాథ నాయకుడి కాలంలో, ఆయన మంత్రి గోవింద దీక్షితుల చేతుల మీదుగా లేచిన గుడి. రాముడూ సీతా ఒకే పీట మీద పట్టాభిషేకానికి కూర్చున్నట్టు ఉంటారు. ప్రాకారం గోడ మీద రామాయణమంతా బొమ్మలుగా వేసి ఉంది. ఆ రఘునాథ నాయకుడే తెలుగులో రామాయణం రాశాడు. నేను బొమ్మలు చూస్తూ మనవరాలికి కథ చెప్తూ ఒక చుట్టు తిరిగేసరికి గంట పట్టింది. క్యూ లేదు. ఎవరూ తోయలేదు.

ఆలంగుడి దాటి మన్నార్‌గుడి. ఈసారి వెనక్కి తిరగలేదు. రాజగోపాలస్వామి పశువుల కాపరిలా నిలబడి ఉంటాడు, ఒక చెవికి కుండలం, ఇంకో చెవికి ఆడవాళ్ళ కమ్మ. హరిద్రా నది అని పిలిచే కోనేరు ఇరవై మూడు ఎకరాలు, చూస్తే చెరువే. తంజావూరు నాయకులకు ఇంటి దేవుడు ఈయన. వాళ్ళలో ఆఖరి రాజు విజయరాఘవ నాయకుడు 1673లో మదురై వాళ్ళతో యుద్ధంలో చనిపోయేదాకా ఈ స్వామి దాసుణ్ణనే చెప్పుకున్నాడు, మన్నారుదాసు అని. తెలుగులో నాటకాలు రాశాడు. ఆయన ఆస్థానంలో రంగాజమ్మ రాసింది, అది కూడా తెలుగులోనే. ఆ కాలంలోనే పురుషోత్తమ దీక్షితులు అని ఒకాయన తంజావూరులో రాజు చేసే అన్నదానం మీద ఏకంగా ఒక నాటకమే రాశాడు, తంజాపురాన్నదాన మహానాటకం అని. ఇది నాకు ఆదివారం క్లాసు మాష్టరుగారు చెప్పారు. వంటశాల మీద నాటకం! తంజావూరు సరస్వతీ మహల్లో తాటాకుల మీద తెలుగు కట్టలు కట్టలుగా ఉంది. గాజు పెట్టెల్లో పెట్టిన కొన్ని ఆకులు మేము చూశాం. కూడబలుక్కుని నాలుగైదు అక్షరాలు చదవగలిగాను. మనవరాలు నాకంటే రెండక్షరాలు ఎక్కువ చదివింది.

పెద్ద గుడి సంగతి రాయను. అందరూ చూసిందే.

ఇప్పుడు తిరువయ్యారు. మనం మీటింగులో ఎప్పుడు ఈ పేరు ఎత్తినా వచ్చే మాట ఒకటే: "అది సమాధి అప్పా, గుడి కాదు. పోయి వచ్చి తలకు పోసుకోవాల." నేను ఇది చాలాసార్లు విన్నాను, జవాబు చెప్పలేక ఊరుకున్నాను. పోయి చూసి వచ్చాను కాబట్టి ఇప్పుడు చెప్తాను. కావేరి ఒడ్డున చిన్న చోటు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో బతికి, 1847లో అక్కడే పోయారు. వాళ్ళ పెద్దలు కాకర్ల ఊరివాళ్ళని ఇంటి పేరే చెప్తుంది. మనలాగే వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు. ఆ మహానుభావుడు రాజు కొలువు వద్దని, వీధిలో పాడుకుంటూ ఉంఛవృత్తి చేసి, ఇంటింటి బియ్యం తెచ్చి వండించి తిన్నారు, శిష్యులకు పెట్టారు. ఆరాధన రోజు ఇప్పటికీ ఉంఛవృత్తితోనే మొదలు. మనం వ్యాను నిండా వంట సామాను పెట్టుకుని ఆయన ఊరు దాటిపోయాం.

ఆ సమాధి ఒక కాలంలో చూసే దిక్కు లేక పాడుబడి ఉండింది. దాన్ని బాగు చేసి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు పక్క పుట్టిన దేవదాసి. తన సంపాదన, నగలు ఇందులో పెట్టింది. ఆడవాళ్ళను అక్కడ పాడనివ్వకపోతే, వెనక పక్క ఆడవాళ్ళ ఆరాధన విడిగా నడిపింది. తంజావూరు ఆస్థానంలో ఉండిన ముద్దుపళని తెలుగు కావ్యాన్ని 1910లో అచ్చు వేయించిందీ ఆమే. సర్కారు దాన్ని నిషేధించింది కూడా. 1952లో ఆమె పోయింది. స్వామికి ఎదురుగా ఆమె బొమ్మ ఉంది, చేతులు జోడించి. మా ఇంటామె స్వామి దగ్గర కంటే ఆమె దగ్గర ఎక్కువసేపు కూర్చుంది. ఎందుకని నేను అడగలేదు.

ఇక్కడ జరిగింది ఒకటి చెప్పాలి. మేము పోయింది ఆరాధన రోజు కాదు, జనం లేరు. ఒక తమిళావిడ నేల మీద కూర్చుని నోటుబుక్కు చూసి మెల్లగా పాడుకుంటోంది. కీర్తన తమిళ అక్షరాల్లో రాసుకుంది. తమిళంలో కకీ గకీ అక్షరం ఒకటే కదా, అందుకని అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేసుకుంది. ఒక చోట అంకె చెరిగిపోయింది. నన్ను అడిగింది. నేను కళ్ళజోడు వెతుక్కుంటుంటే, మనవరాలు తొంగి చూసి గబుక్కున చెప్పింది: "అది గ ఆంటీ, క కాదు." ఆవిడ ఆశ్చర్యపోయి తమిళంలో అడిగింది, "పాపా, నీ తెలుంగా?" అని.

మీ పిల్లలు బళ్ళో ఏం చెప్తారో నాకు తెలియదు. నా మనవరాలు బళ్ళో ఎప్పుడూ ఆ మాట ఒప్పుకోదు. ఇంట్లో ఫోను వస్తే, స్నేహితులు వింటారని నాతో తమిళంలోకి మారిపోతుంది. ఆ రోజు "ఆమా ఆంటీ" అంది. అని ఊరుకోకుండా ఇంకో రెండు మాటలు కూడా పలికి చూపించింది. నేను పక్కకు తిరిగి కావేరి చూస్తూ నిలబడ్డాను.

తర్వాత వీధిలో అశోకా హల్వా తిన్నాం. పెసరపప్పు, గోధుమపిండి, నెయ్యి, చక్కెర. వేడిగా ఆకులో వేసి ఇస్తారు, చేతికి నెయ్యి కారుతుంది. షుగరున్న బామ్మర్ది ఒక చెంచా అని మొదలుపెట్టి ఎంతదాకా పోయాడో రాయకూడదు, ఆయన ఈ గ్రూపులోనే ఉన్నాడు.

ఆఖరి రోజు మెలట్టూరు. తంజావూరుకి పద్దెనిమిది కిలోమీటర్లు. నిజం చెప్తే చూడటానికి ఏమీ లేని ఊరు. వరదరాజ పెరుమాళ్ళ గుడి, ఒక వీధి, అరుగులు. కానీ ప్రతి ఏడూ నరసింహ జయంతికి ఆ వీధిలో పందిరి వేసి, రాత్రంతా తెల్లవారేదాకా భాగవత మేళం ఆడతారు. అచ్యుతప్ప నాయకుడు దానంగా ఇచ్చిన ఊరది. త్యాగరాజస్వామి కాలంలో ఆ ఊరివాడే, మెలట్టూరు వెంకటరామ శాస్త్రి అని, ప్రహ్లాద చరిత్రం లాంటి నాటకాలు రాశాడు. అన్నీ తెలుగులో. ఆడేది అంతా మగవాళ్ళే, ఆడ వేషాలు కూడా. నరసింహుడి ముసుగుకు పూజ చేసి, అది పెట్టుకునే ఆయన ఉపవాసం ఉంటాడు.

అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనను పలకరించాను. తెలుగులో అడిగితే ఆయన తమిళంలో జవాబు చెప్పాడు. వాళ్ళ ఇంటి భాష తమిళం. "మరి పిల్లలు ఎట్లా నేర్చుకుంటారు సామీ?" అన్నాను. "తమిళ అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతారు, అర్థం పెద్దవాళ్ళు చెప్తారు" అన్నాడు, అందులో వింత ఏముంది అన్నట్టు.

నాకు వింతే. ఎందుకంటే నేను జీవితమంతా తెలుగును తమిళ అక్షరాల్లోనే రాశాను. అంగడి సామాను చీటీలు, మా అవ్వకు కార్డు ముక్కలు, కడాన మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె చెప్పగా రాసుకున్న మాటలు, అన్నీ. మన సంఘంలోనే ఒకసారి నేను మినిట్స్ అట్లా రాస్తే, ఇది తెలుగు కాదని చింపి పక్కన పెట్టారు. ఎవరని చెప్పను, గొడవ వద్దు. మెలట్టూరులో ఇంటి మాట తెలుగు కాని వాళ్ళు అదే పద్ధతిలో తరతరాలుగా తెలుగు నాటకం నిలబెట్టారు. ఇంటి మాట తెలుగు అయిన మనం ఆ ఊరికి ఒక బస్సు పంపలేదు.

సరే, మీ ఆక్షేపణలకు వస్తాను. వయసైనవాళ్ళకు బయటి తిండి పడదంటారు. మా బామ్మర్ది కంటే పడనివాడు ఎవరూ లేరు, ఆయన బతికి వచ్చాడు. నిజంగా పడనివాళ్ళకు ఇడ్లీ, పెరుగన్నం ఆ జిల్లాలో దొరకని వీధి లేదు. వంటవాళ్ళకు, వ్యానుకు పోయిన ఏడు ఇచ్చిన దుడ్లు ట్రెజరరుగారిని అడగండి. ఆ లెక్కకు అందరమూ మూడు పూటలూ హోటల్లో కూర్చుని తినవచ్చు, ఇంకా మిగులుతుంది. మడి పాటించే ఇద్దరు ముగ్గురికి వేరే ఏర్పాటు చేద్దాం, వాళ్ళను తప్పు పట్టేది లేదు.

గ్రహదోషం, పరిహారం అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. నా జాతకంలోనూ శని ఉన్నాడు. వాళ్ళకు కావలసిన ఒకటి రెండు గుళ్ళు ఈ దారిలోనే ఉన్నాయి, పొద్దునే పోయి రావచ్చు. నేను వద్దనేది తొమ్మిదీ ఒకే పరుగులో చుట్టేయటాన్ని. అది మొక్కు తీర్చుకోవటం కాదు, టిక్కు పెట్టుకోవటం. నేను టికెట్ల లెక్క రాసినవాణ్ణి, టిక్కు పెట్టటం ఎట్లుంటుందో నాకు తెలుసు.

నా ప్రతిపాదన ఇది. టూరును నరసింహ జయంతికి మార్చండి. ఏప్రిల్ ఆఖరులోనో మేలోనో వస్తుంది. బళ్ళకు లీవు, పిల్లలు రావచ్చు. ఎండ ఉంటుంది, కాదనను. అందుకే పగలు తిరగటం తక్కువ, రాత్రి మెలట్టూరులో చాప వేసుకుని నాటకం. పన్రుట్టి పనసపండ్ల కాలం కూడా అదే, పైన చెప్పాను కదా. మూడు రోజులు, రోజుకు రెండే చోట్లు. మొదటి పూట వడలూరులో, కుంభకోణంలో రాత్రి మకాం. రూటు, కిలోమీటర్లు, ఎక్కడ ఎన్ని గంటలకు అని టైం టేబులు వేసి ఉంచాను, రైల్వే పద్ధతిలో. మీటింగుకు జిరాక్సు తెస్తాను. పిల్లలకు సీటు ఛార్జి సగమే పెట్టాలని కూడా అందులో రాశాను, ట్రెజరరుగారు కోప్పడకూడదు.

తీర్మానం ఓడిపోయినా సరే, నేను, మా ఇంటామె పోతున్నాం. కారులో రెండు సీట్లు ఖాళీ. మనవరాలు వస్తానంది, తన స్నేహితురాలిని కూడా పిలుస్తానంది. అప్పుడు ఒకటే ఖాళీ. రావాలనుకున్నవాళ్ళు ముందే చెప్పండి. ఊరగాయ మాత్రం తేవద్దు, దారిలో ఉప్పిలియప్పన్ గుడి ఉంది.